ఎఫ్‌ఎంజీఈ రివిజన్: ఫిజియాలజీ, పాథాలజీ విడివిడిగా చదివితే ఎక్కడ దెబ్బతింటారు?

కిర్గిజ్‌స్థాన్, కజకిస్థాన్, జార్జియా, రష్యా, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్ లాంటి దేశాల్లో మెడిసిన్ చదివొచ్చినవాళ్లు ఇండియాలో ప్రాక్టీస్ చేయాలంటే ముందు ఒక పరీక్ష దాటాలి. దాని పేరు ఫారిన్ మెడికల్ గ్రాడ్యుయేట్ ఎగ్జామినేషన్. అందరూ ఎఫ్‌ఎంజీఈ అనే అంటారు. నేషనల్ బోర్డ్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ దీన్ని 2002 నుంచి నిర్వహిస్తోంది. జూన్ సెషన్, డిసెంబర్ సెషన్ అని ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. పాసైతేనే స్టేట్ మెడికల్ కౌన్సిల్‌లో ప్రొవిజినల్ రిజిస్ట్రేషన్, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్. పాస్ కాకపోతే చేతిలో డిగ్రీ ఉన్నా ఒక్క ప్రిస్క్రిప్షన్ కూడా రాయడానికి లేదు.

గత పదేళ్లలో చాలా సెషన్లలో పరీక్ష రాసిన నలుగురిలో ఒకరు కూడా గట్టెక్కలేదు. హైదరాబాద్ పాతబస్తీలోనూ, కరీంనగర్, నిజామాబాద్, కర్నూలు, గుంటూరు లాంటి ఊళ్లలోనూ ఇది తెలిసిన కథే. కొడుకునో కూతురినో డాక్టర్ చేయాలని బ్యాంకు లోన్ తీసుకుంటారు, ఉన్న ప్లాటు అమ్ముతారు. పిల్లలు తిరిగొచ్చాక రెండో అటెంప్ట్, మూడో అటెంప్ట్ అంటూ ఏళ్లు గడుస్తాయి. ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు, అటెంప్ట్‌లకు పరిమితి లేదు. లోన్ వాయిదాలు మాత్రం రిజల్ట్ కోసం ఆగవు.

ఫెయిలైనవాళ్లలో చాలామంది చదవనివాళ్లు కాదు. రోజుకు 12 గంటలు కూర్చున్నవాళ్లూ ఉంటారు. తేడా ఎక్కువగా చదివే పద్ధతిలో వస్తుంది. అది అందరికంటే ముందు బయటపడేది ఫిజియాలజీ, పాథాలజీల్లో. శరీరం మామూలుగా ఎలా పనిచేస్తుందో చెప్పేది మొదటిది, అది ఎలా చెడిపోతుందో చెప్పేది రెండోది.

30 మార్కులేనా?

పేపర్ మొత్తం 300 ప్రశ్నలు. రెండు భాగాలు, ఒక్కోదానిలో 150 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండున్నర గంటలు. పాస్ కావాలంటే 150 రావాలి. నెగెటివ్ మార్కులు లేవు.

సబ్జెక్టుల వారీగా చూస్తే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీలకు తలా 17 మార్కులు. పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీలకు తలా 13. ఫోరెన్సిక్‌కు 10. ఇవి కలిపి 100. మిగతా 200 క్లినికల్ సబ్జెక్టులకు. అందులో జనరల్ మెడిసిన్ 33, సర్జరీ 32, గైనకాలజీ-ప్రసూతి 30, కమ్యూనిటీ మెడిసిన్ 30.

ఈ పట్టిక చూసి చాలామంది ఒక లెక్క వేస్తారు. ఫిజియాలజీ 17, పాథాలజీ 13, కలిపితే 30. రెండూ లావు పుస్తకాలు. వీటిని పక్కనపెట్టి కమ్యూనిటీ మెడిసిన్ బట్టీ పడితే అవే 30 వస్తాయి కదా అని. కాగితం మీద లెక్క కరెక్టే. కానీ మెడిసిన్‌లో వచ్చే 33 ప్రశ్నల్లో రోగి బ్లడ్ గ్యాస్ రిపోర్ట్ ఇచ్చి అడిగేది ఫిజియాలజీయే. ఫార్మకాలజీలో ఏ మందు ఎందుకు అని అడిగేది జబ్బు పుట్టే తీరు గురించే. పీడియాట్రిక్స్‌లో విరేచనాల బిడ్డ, గైనిక్‌లో ఫిట్స్ వచ్చిన గర్భిణి, సర్జరీలో షాక్, అన్నీ అవే. 30 మార్కులు వదులుకున్నామనుకున్నవాళ్లు నిజానికి వదులుకునేది అంతకంటే చాలా ఎక్కువ.

నాలుగు ప్రశ్నలు

ఏ జబ్బు తీసుకున్నా వరుసగా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. మామూలుగా ఇక్కడ ఏం జరుగుతుంది? ఏది చెడింది? శరీరం దాన్ని సరిచేసుకోవడానికి ఏం చేస్తోంది? ఈ రెండూ కలిసి రోగిలో, రిపోర్ట్‌లో ఎలా కనిపిస్తాయి? మూడో ప్రశ్నను చాలామంది దాటేస్తారు. నిజానికి లక్షణాల్లో పెద్ద వాటా అక్కడి నుంచే వస్తుంది.

హార్ట్ ఫెయిల్యూర్ చూడండి. గుండె పంపు చేసే రక్తం తగ్గింది. కిడ్నీకి ఆ సంగతి తెలియదు. దానికి రక్తం తక్కువగా అందుతోందని మాత్రమే తెలుసు, అంటే ఒంట్లో నీళ్లు తగ్గాయనుకుంటుంది. రెనిన్ వదులుతుంది. దాంతో యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ పెరిగి ఉప్పూ నీళ్లూ ఒంట్లోనే ఆగిపోతాయి. ఇంకోవైపు సింపథెటిక్ నరాలు గుండెను కొరడాతో తోలినట్టు తోలతాయి. మొదట్లో ఇది ఆదుకుంటుంది, తర్వాత ఇదే ముంచుతుంది. కాళ్ల వాపు, ఆయాసం అక్కడివే. ఈ వరుస అర్థమైతే ఏసీఈ ఇన్హిబిటర్, బీటా బ్లాకర్, స్పైరనోలాక్టోన్ ఎందుకిస్తారో విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. మూడూ ఈ పొరపాటు సాయాన్ని ఆపే మందులే.

వాపు: ఒక సూత్రం, నాలుగు జబ్బులు

1896లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇంగ్లిష్ ఫిజియాలజిస్ట్ చెప్పిన విషయం ఇప్పటికీ ప్రశ్నలు పుట్టిస్తూనే ఉంది. సన్నని రక్తకేశనాళికలో రెండు శక్తులు పోటీ పడుతుంటాయి. లోపలి ఒత్తిడి నీటిని బయటికి నెడుతుంది. రక్తంలోని ప్రొటీన్, ముఖ్యంగా ఆల్బుమిన్, నీటిని లోపలికి లాగుతుంది. బయటికి పోయి మిగిలిన కాస్త నీటినీ లింఫ్ నాళాలు తిరిగి తీసుకెళ్తాయి. అంటే వాపు రావడానికి దారులు నాలుగే: ఒత్తిడి పెరగాలి, ప్రొటీన్ తగ్గాలి, నాళం గోడ కారాలి, లేదా లింఫ్ దారి మూసుకుపోవాలి.

ఒత్తిడి పెరిగితే హార్ట్ ఫెయిల్యూర్. ప్రొటీన్ తగ్గితే నెఫ్రోటిక్ సిండ్రోమ్. ఇందులో పెద్దవాళ్లకు రోజుకు 3.5 గ్రాములకు మించి ప్రొటీన్ మూత్రంలో పోతుంది. పోయేది ఆల్బుమిన్ ఒక్కటే కాదు, రక్తం గడ్డకట్టకుండా చూసే యాంటీథ్రాంబిన్ కూడా పోతుంది. అందుకే నెఫ్రోటిక్ రోగికి ఉన్నట్టుండి నడుం పక్కన నొప్పి, మూత్రంలో రక్తం అని ప్రశ్నలో కనిపిస్తే రీనల్ వెయిన్‌లో గడ్డ అనుకోవాలి. లివర్ సిరోసిస్‌లో ఒత్తిడి, ప్రొటీన్ రెండూ చెడతాయి.

గోడ కారడం అంటే మనవాళ్లకు బాగా తెలిసిన డెంగీ. జ్వరం తగ్గింది, బిడ్డ కోలుకుందని ఇంట్లో ఊపిరి పీల్చుకునే రోజే ప్రమాదం మొదలయ్యే రోజు. ప్లాస్మా నాళాల్లోంచి కారిపోతుంది, రక్తం చిక్కబడుతుంది. అందుకే హెమటోక్రిట్ 20 శాతం, అంతకుమించి పెరగడాన్ని గట్టి గుర్తుగా తీసుకుంటారు. ప్లేట్‌లెట్ల నంబర్ చూసి ఇల్లంతా కంగారు పడుతుంది కానీ షాక్ రాబోతోందని చెప్పేది ఎక్కువగా హెమటోక్రిట్టే. పరీక్షలో ఆప్షన్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి.

నాలుగో దారి బోదకాలు. ఫైలేరియా పురుగులు లింఫ్ నాళాలను పాడుచేస్తాయి. ప్రొటీన్ ఉన్న ద్రవం అక్కడే పేరుకుని చర్మం గట్టిపడుతుంది. ముదిరాక వేలితో నొక్కితే గుంట పడదు.

నాలుగింటినీ బయటి నుంచి చూస్తే వాపే. కానీ ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ హార్ట్ ఫెయిల్యూర్ రోగికి ప్రాణం పోస్తుంది, బోదకాలుకు ఏమీ చేయదు. ప్లాస్మా కారుతున్న డెంగీ రోగికైతే నాళాల్లో మిగిలిన కాస్త నీళ్లనూ లాగేసి షాక్‌లోకి నెడుతుంది.

షుగర్ ఎమర్జెన్సీలో పొటాషియం

డయాబెటిక్ కీటోఅసిడోసిస్ రాని పేపర్ అరుదు. దీన్ని మెల్లగా చదవాలి.

19 ఏళ్ల అమ్మాయి. రెండు రోజులుగా వాంతులు, కడుపునొప్పి. శ్వాస లోతుగా, వేగంగా ఉంది. నోటి నుంచి పండిన పండు వాసన. షుగర్ 480, పొటాషియం 5.6. పొటాషియం ఎక్కువగా ఉంది కాబట్టి తగ్గించాలి అనుకున్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఇన్సులిన్ లేకపోతే కణాలకు గ్లూకోజ్ అందదు. రక్తంలో గ్లూకోజ్ నిండుగా ఉన్నా శరీరం పస్తులున్నట్టే ప్రవర్తిస్తుంది. కొవ్వును కరిగించే లైపేజ్ ఎంజైమ్‌కు ఇన్సులిన్ వేసే కళ్లెం ఊడిపోతుంది. ఫ్యాటీ యాసిడ్లు కుప్పలుగా లివర్‌కు చేరి కీటోన్లుగా మారతాయి. అవి ఆమ్లాలు. ఆ ఆమ్లాన్ని కార్బన్ డయాక్సైడ్ రూపంలో బయటికి పంపడానికే ఆ లోతైన శ్వాస. దాన్నే కుస్‌మాల్ శ్వాస అంటారు. మరోపక్క రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటగానే కిడ్నీ దాన్ని పూర్తిగా వెనక్కి లాక్కోలేదు. గ్లూకోజ్ మూత్రంలోకి పోతూ నీళ్లను, సోడియాన్ని, పొటాషియాన్ని వెంట తీసుకుపోతుంది.

ఇప్పుడు పొటాషియం సంగతి. అది ఎక్కువగా ఉండేది కణాల లోపల. ఇన్సులిన్ లేక, రక్తం చిక్కబడి అది బయటికి వచ్చేసింది. వచ్చింది వచ్చినట్టే మూత్రంలో పోతోంది. రిపోర్ట్‌లో 5.6 కనిపిస్తున్నా ఒంట్లో మొత్తం నిల్వ బాగా తగ్గిపోయింది. గోడౌన్ ఖాళీ అయిపోయి సరుకంతా షాపు ముందు పరిచినట్టు. ఇన్సులిన్ ఇవ్వగానే ఆ పొటాషియం మళ్లీ కణాల్లోకి వెళ్తుంది, రక్తంలో ఒక్కసారిగా పడిపోతుంది. గుండె లయ తప్పేది అప్పుడే. అందుకే మొదట సెలైన్. పొటాషియం మరీ తక్కువగా ఉంటే అది ఎక్కించిన తర్వాతే ఇన్సులిన్. ఆ హద్దు పాత పుస్తకాల్లో 3.3, 2024 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల్లో 3.5.

ఇంకో చిక్కు ఉంది. మూత్రంలో కీటోన్లు చూసే మామూలు స్ట్రిప్ అసిటోఅసిటేట్‌నే పట్టుకుంటుంది, బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్‌ను పట్టుకోదు. వైద్యం మొదలయ్యాక రెండోది మొదటిదిగా మారుతుంది. రోగి కోలుకుంటుంటే స్ట్రిప్ మాత్రం ముదిరిందన్నట్టు చూపించవచ్చు.

రంజాన్ నెలలో ఈ పాఠం ఇంటి విషయం కూడా. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సెహ్రీ తర్వాత కొన్ని గంటలకు ఇన్సులిన్ తగ్గుతుంది, గ్లూకగాన్ పెరుగుతుంది, లివర్‌లో దాచిన గ్లైకోజెన్ కరిగి షుగర్‌ను నిలబెడుతుంది. ఇఫ్తార్ వరకు ఆ ఏర్పాటు సరిపోతుంది. టైప్ 1 డయాబెటిస్ ఉన్నవాళ్లలో ఆ కళ్లెం వేసే ఇన్సులిన్ లేదు కాబట్టే రోజా వాళ్లకు ప్రమాదం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపేస్తాయి. వాటితో కీటోఅసిడోసిస్ వస్తే షుగర్ 200 లోపే ఉండొచ్చు. షుగర్ నార్మల్‌గా ఉంది కదా అని ఆ ఆప్షన్ కొట్టేస్తే మార్కు పోయినట్టే.

జమాఖర్చు లెక్క

యాసిడ్-బేస్ అంటే చాలామందికి భయం. నిజానికి ఇది కామర్స్ పిల్లల బ్యాలెన్స్ షీట్ కంటే కష్టమేం కాదు. రక్తంలో పాజిటివ్ చార్జీల మొత్తం, నెగెటివ్ చార్జీల మొత్తం ఎప్పుడూ సమానం. ల్యాబ్ మాత్రం అన్నీ కొలవదు. సోడియంలోంచి క్లోరైడ్, బైకార్బొనేట్ తీసేస్తే మిగిలేది లెక్కకు రాని నెగెటివ్ చార్జీలు. అదే యానియన్ గ్యాప్. మామూలుగా 8 నుంచి 12.

పై అమ్మాయికి సోడియం 132, క్లోరైడ్ 94, బైకార్బొనేట్ 10 అనుకుందాం. 132 లోంచి 104 తీస్తే 28. పుస్తకంలో లేని అప్పు ఎక్కడో ఉంది, అది కీటోన్ల రూపంలో ఉంది. అదే విరేచనాల బిడ్డలో బైకార్బొనేట్ బయటికి పోయింది, దాని స్థానంలో క్లోరైడ్ పెరిగింది. గ్యాప్ మామూలుగానే ఉంటుంది. రెండూ అసిడోసిస్సే, కారణాలు వేరు.

తర్వాత శ్వాస సరిగ్గా స్పందిస్తోందా అన్నది. దీనికి వింటర్స్ ఫార్ములా: బైకార్బొనేట్‌ను 1.5తో గుణించి 8 కలపాలి, 2 అటూఇటూ. ఇక్కడ 23 రావాలి. రిపోర్ట్‌లో కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి 36 ఉంటే? అది కూడా మామూలు హద్దులోనే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఈ అమ్మాయిలో 36 మామూలు కాదు. ఆమె ఊపిరితిత్తులు చేయాల్సినంత పని చేయడం లేదు, అలసిపోతోంది. వెంటిలేటర్ గురించి ఆలోచించాల్సిన సమయం. ఒక నంబర్ నార్మల్ రేంజ్‌లో ఉండటం వేరు, ఆ పరిస్థితికి తగ్గట్టు ఉండటం వేరు.

ఆల్బుమిన్ కూడా ఈ లెక్కలో నెగెటివ్ చార్జీయే. అది డెసిలీటర్‌కు 1 గ్రాము తగ్గితే గ్యాప్ సుమారు 2.5 తగ్గుతుంది. సిరోసిస్, నెఫ్రోటిక్ రోగుల్లో అసలు గ్యాప్ దీని వెనక దాక్కుంటుంది. వాపు పాఠం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

పురుగుల మందు, తేలు

బిష్కెక్‌లోనో టిబిలిసిలోనో క్లినికల్ రొటేషన్ చేసినవాళ్లు చూడని కేసులు మన జిల్లా ఆసుపత్రుల్లో దాదాపు రోజూ ఉంటాయి. పురుగుల మందు తాగిన కేసు అందులో మొదటిది. ఆర్గానోఫాస్ఫేట్ మందు అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. అసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. కనుపాప సూదిమొనలా చిన్నదవుతుంది, నోట్లో నురగ, కళ్లల్లో నీళ్లు, ఊపిరితిత్తుల నిండా స్రావం, గుండె వేగం తగ్గుతుంది. ఇవి మస్కరినిక్ లక్షణాలు, వీటికి అట్రోపిన్. కండరాలు అదరడం, నీరసించడం నికోటినిక్ వైపు లక్షణాలు, అట్రోపిన్ అక్కడ పనిచేయదు. ఎంజైమ్‌ను విడిపించడానికి ప్రాలిడాక్సిమ్ ఉంది కానీ ఆలస్యమైతే ఆ బంధం గట్టిపడిపోతుంది. అట్రోపిన్ ఎంతవరకు ఇవ్వాలో ప్రధానంగా చెప్పేది ఊపిరితిత్తుల్లో గురగుర ఆగడం. కనుపాప ఒక్కదాన్నే చూసి నిర్ణయించకూడదు.

దీనికి దాదాపు అద్దంలో బొమ్మలాంటిది ఎర్రతేలు కాటు. దాని విషం సోడియం చానళ్లను మూసుకోనివ్వదు. ముందు కాసేపు వాంతులు, చెమటలు, చొంగ. తర్వాత అడ్రినలిన్ తుఫాను: బీపీ పెరుగుతుంది, చేతులూ కాళ్లూ చల్లబడతాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆల్ఫా రిసెప్టర్లను మూసే ప్రాజోసిన్ ఇక్కడి మందు. దీన్ని వాడకంలోకి తెచ్చింది మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ రెండు కేసులకూ కావాల్సింది ఆటోనమిక్ నరాల పట్టిక ఒక్కటే. అందులో ఒక మెలిక మాత్రం గుర్తుండాలి. చెమట గ్రంథులకు వెళ్లేది సింపథెటిక్ నరమే, కానీ వదిలేది అసిటైల్‌కోలిన్. పురుగుల మందు కేసులోనూ చెమట పట్టడానికి కారణం అదే.

రివిజన్ ఎలా చేసుకోవాలి

గైటన్, రాబిన్స్ మొదటి నుంచి చివరి వరకు మళ్లీ చదవడానికి రివిజన్‌లో టైమ్ ఉండదు, అవసరమూ లేదు. తెల్లకాగితం తీసుకుని జబ్బు పేరు రాసి, పుస్తకం చూడకుండా ఆ నాలుగు ప్రశ్నల వరుసను బాణాలతో గీయడం మంచి పద్ధతి. ఎక్కడ ఆగిపోయారో అక్కడి రెండు పేజీలు మాత్రమే పుస్తకంలో చూడాలి. 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికా సైకాలజిస్టులు విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో పాఠం మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చదివింది గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు వాళ్లను దాటేశారు. రంగురంగుల హైలైటర్లతో నిండిన నోట్స్ చూసుకుని వచ్చేసింది అనుకోవడం ఆ 5 నిమిషాల ధైర్యమే.

తప్పు చేసిన ప్రశ్నలకు వేరే నోట్‌బుక్ పెట్టాలి. అందులో సరైన జవాబు కాకుండా వరుసలో ఏ మెట్టు దగ్గర జారారో రాయాలి. నార్మల్ తెలియకనా, శరీరం స్పందన మర్చిపోయా, లేక రిపోర్ట్ చదవడం రాకనా? రెండు వారాలయ్యాక ఆ నోట్‌బుక్ తిరగేస్తే ఒకే రకం తప్పు మళ్లీ మళ్లీ కనబడుతుంది. చాలామందికి అది మూడో ప్రశ్న దగ్గరే ఉంటుంది.

ఇంగ్లిష్‌లో చదివింది ఇంట్లో తెలుగులోనో ఉర్దూలోనో చెప్పి చూడటం కూడా పనికొస్తుంది. నానమ్మకు కాళ్లు ఎందుకు వాచాయో దాదీకి అర్థమయ్యేలా చెప్పగలిగితే వరుస వచ్చినట్టు. మధ్యలో మెకానిజం, సిండ్రోమ్ అంటూ మాట మింగితే రానట్టు.

చివరి పది రోజుల్లో కొత్త చాప్టర్లు వద్దు. ఐరన్ లోపం రక్తహీనతలో ఫెరిటిన్ తగ్గుతుంది, టీఐబీసీ పెరుగుతుంది. దీర్ఘకాలిక జబ్బు రక్తహీనతలో హెప్సిడిన్ ఐరన్‌ను కణాల్లోనే బంధిస్తుంది కాబట్టి ఫెరిటిన్ తగ్గదు, టీఐబీసీ తగ్గుతుంది. ఇలా పక్కపక్కన పెట్టి చూడాల్సిన జంటలు, నార్మల్ విలువలు, రెండు మూడు ఫార్ములాలు చాలు. హాల్లో కూర్చున్నాక ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు, నెగెటివ్ మార్కులు లేవు. జవాబు తట్టని చోట ఆప్షన్లను కాసేపు పక్కనపెట్టి, రోగిలో మొదట చెడింది ఏది అని అడిగితే నాలుగింటిలో రెండు ఆప్షన్లు చాలాసార్లు వాటంతట అవే పోతాయి.